బందెలదొడ్డిలో కూర్చున్నమ్మ

“అమ్మ ఇంకా తినలేదహో… అమ్మ ఇంకా తినలేదు.”

వెలిగుంట బస్టాండులో దిగి, బందెలదొడ్డి వీధి మలుపు తిరిగేసరికి భక్తులకు ముందుగా వినిపించేది ఈ కేకే. కొత్తగా వచ్చినవారు కంగారుపడి ఎవరింట్లో ఏం జరిగిందని అడుగుతారు. ఏమీ జరగలేదండీ. ఈ రోజు మున్సిపాలిటీ మీటింగు, అంతే. కేక వేస్తూ వీధి వెంట నడిచే పెద్దమనిషి దూదేకుల చినమస్తాను. వారి వంశంవారే తరతరాలుగా ఈ కేక వేస్తున్నారు. ఆ కేక వినగానే వీధిలో హోటలు నడిపే పేరయ్య గారు ఇడ్లీ పాత్ర మీద మూత పెట్టేస్తారు. మీరు ఎంత ఆకలిగా ఉన్నా సరే, “కాఫీ అయితే ఇస్తానండీ, టిఫిన్ మాత్రం అమ్మ తిన్నాకే” అంటారు. కోపగించుకోకండి. ఆయనా తినలేదు.

గుడి చిన్నదే. గోపురం లేదు. నాలుగు పక్కలా నిలువెత్తు రాతిగోడ, ఒక ఇనుపకమ్ముల తలుపు, లోపల విశాలమైన మట్టి నేల, ఆ నేల మధ్య చిన్న మంటపంలో అమ్మవారు. పశువుల దొడ్డిలా ఉందేమిటి అని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించింది. ఇది ఒకప్పుడు, పైరు మేసిన పశువులను పట్టి బంధించే పంచాయతీ బోర్డువారి బందెలదొడ్డే. చుట్టుపక్కల ఊళ్లలో గ్రామదేవతలు చాలావరకు నిలబడి ఉంటారు, కొందరు కత్తి పట్టుకుని కూడా ఉంటారు. మన అమ్మ మాత్రం ఒక మోకాలు ఎత్తి, దాని మీద చెయ్యి ఆనించి, ఆఫీసు బయట తన వంతు కోసం వేచి ఉన్న ఇల్లాలిలా కూర్చుని ఉంటుంది. ఆ చేతిలో కత్తి లేదు, గడ్డిపరక ఉంది. అందుకే కూర్చున్నమ్మ అన్నారు.

గోడకు అవతలే మున్సిపాలిటీ హాలు. ఈ రోజు మీటింగులో సంత గేటు వేలంపాట, వీధి దీపాలు, మురుగుకాలువ పూడిక, కుక్కల బెడద, అన్నిటికన్నా చివర ఉప్పర వీధి కుళాయి సంగతి ఉన్నాయట. ఆ కుళాయి కోసం అర్జీ పెట్టిన బసవమ్మ అనే పెద్దావిడ పొద్దుటి నుంచి మంటపం స్తంభానికి ఆనుకుని, అచ్చం అమ్మవారిలాగే మోకాలు ఎత్తి కూర్చుని ఉంది. ఆమెను కాసేపు అలా కూర్చోనిద్దాం. మీటింగు తేలేలోపు మనం కథ చెప్పుకుందాం.

పూర్వం ఇక్కడ, తెల్లదొరల కాలంలో, వెలిగుంటకు కొత్తగా పంచాయతీ బోర్డు వచ్చింది. ప్రెసిడెంటు చెన్నకేశవులు నాయుడు గారు. వైస్ ప్రెసిడెంటు అయ్యపురెడ్డి గారు. ఇద్దరూ ఊరికి మంచి చేయాలనుకున్నవారే, కాని ఒకరు చేసే మంచి రెండోవారికి గిట్టేది కాదు. మెంబర్లు చెరిసగం. సగానికి పైగా మెంబర్లు కూర్చుంటేనే తీర్మానం చెల్లుతుందని చట్టం. మీటింగు పొద్దున మొదలయ్యేది. మధ్యాహ్నానికి మాటలు ముదిరేవి. సరిగ్గా అప్పుడు ఏదో ఒక పక్షంవారు “భోజనాల వేళయింది” అని లేచేవారు. లేచినవారు మళ్లీ వచ్చేవారు కాదు. కడుపు నిండిన మనిషికి నిద్ర వస్తుంది గాని ఊరు గుర్తొస్తుందా? అలా వీధి దీపాలు వెలగలేదు, కాలువ పారలేదు.

ఆ రోజుల్లో గొల్లవీధిలో నాంచారమ్మ అనే విధవరాలు ఉండేది. ఆమెకు ఉన్నదల్లా ఒక చూడి గేదె. అది ఈని దూడను వేసిన కొద్ది రోజులకే, మేతకు పోయి పోయి, నాయుడు గారు ముచ్చటపడి వేయించిన బోర్డు తోటలోకి దూరి, రంగు రంగుల క్రోటను మొక్కలన్నీ మేసింది. నాయుడు గారికి ఆ మొక్కలంటే ప్రాణం. ఆయన కళ్లారా చూసి, గేదెను బందెలదొడ్డికి తోలించారు.

మామూలుగా అయితే బందె, అంటే జరిమానా, కట్టి పశువును విడిపించుకోవచ్చు. కాని పాడైంది బోర్డు సొమ్ము కనుక, విడవాలా వేలం వేయాలా అన్నది బోర్డే తేల్చాలని గుమాస్తా చెప్పాడు. నాంచారమ్మ నాయుడు గారి అరుగు ముందుకు వెళ్లింది.

“అయ్యా, దూడ పాలకు ఏడుస్తా ఉంది” అంది.

“మీటింగులో పెడతాం” అన్నారాయన.

పెట్టారు. అన్నిటికన్నా చివర పెట్టారు. దానికంటే ముందే భోజనాల వేళ వచ్చింది. ఆ పై మీటింగులోనూ అంతే. నాయుడు గారి పక్షం వేలం వేయాలంది, రెడ్డి గారి పక్షం విడవాలంది. రెడ్డి గారికి గేదె మీద జాలి కాదు సుమండీ, నాయుడు గారు వేలం అన్నారు కాబట్టి.

దొడ్డికి కాపలా ఉండేవాడు మస్తాను, ఇప్పటి చినమస్తాను ముత్తాత. నాంచారమ్మ రోజూ వచ్చి కమ్ముల తలుపు పట్టుకుని నిలబడేది.

“ఒక్కసారి దూడను లోపలికి వదులు మస్తానన్నా. నోరు తడుపుకుని వచ్చేస్తది.”

“వదలడం ఎంతసేపమ్మా. లోపలికి అడుగు పెట్టిన జీవం ఏదైనా బందె కిందికే వస్తది. రేపు వేలం అంటే తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు. అప్పుడు నువ్వు నన్నే తిడతావు.”

“పోనీ నువ్వే పిండి ఇయ్యి.”

“పిండకుండా ఉన్నానా? దూడ మూతి తగలందే అది చేపదు. చుక్క రాలడం లేదు. గడ్డి కూడా ముట్టడం లేదమ్మా. నిలబడే ఉంది. పడుకోమంటే పడుకోదు, చూడు.”

నిజంగానే ఆ గేదె దొడ్డి మధ్యన ఒకే చోట నిలబడి ఉండేది. మూపు మీద కాకులు వాలినా కదిలేది కాదు. నాంచారమ్మ ఇంటికి పోయి వెదురు గొట్టంతో దూడకు గంజి పోసేది. సగం లోపలికి పోయేది, సగం బయటికి వచ్చేది. దూడ చెవులు వేలాడిపోయాయి. చివరికి లేచి నిలబడడం మానేసింది.

ఆ రోజు మళ్లీ మీటింగు. మళ్లీ భోజనాల వేళ. రెండు పక్షాలవారూ ఒకరి వెనుక ఒకరు దొడ్డి ముందు నుంచే ఇళ్లకు వెళ్లిపోయారు. వారిని చూస్తూ నాంచారమ్మ తలుపు దగ్గర కూలబడింది. అరవలేదు, శపించలేదు. “ఇవాళ పొద్దు దాటదు దానికి” అని మాత్రం అంది.

అప్పుడు మస్తాను చూశాడు. ఎవరూ చెయ్యి వేయలేదు, దూడ దగ్గర లేదు, అయినా గేదె పొదుగు నుంచి నాలుగు ధారలుగా పాలు నేల మీద పడుతున్నాయి. పడిన పాలు ఇంకిపోవడం లేదు. పేడా మట్టీ కరిగిపోయి, కింద నల్లని రాయి ఒకటి బయటపడుతోంది. రాయి మీద కాటుక దిద్దినట్టు రెండు కళ్లు కనిపించాయి.

మస్తాను దేవుళ్ల పేర్లు వెతుక్కోలేదు. వీధిలో పడ్డాడు. మెంబర్ల ఇళ్లన్నీ ఆ వీధిలోనే. ప్రతి గుమ్మం ముందూ ఆగి, “అమ్మ ఇంకా తినలేదయ్యా, అమ్మ ఇంకా తినలేదు” అని కేక వేసుకుంటూ నడిచాడు.

“ఏ అమ్మరా?” అని ఒక మెంబరు లోపలి నుంచే అడిగాడు.

“ఏ అమ్మో నాకు తెలవదు బాబూ. దొడ్లో ఉంది. తినలేదు. మీరు కానియ్యండి.”

ఆ ‘కానియ్యండి’ అన్న మాట వారి విస్తళ్లలో పడింది. కలిపిన ముద్ద ఎత్తుదామంటే చెయ్యి లేవలేదంటారు. ఒకరికి అన్నం చేదైంది, మరొకరికి గొంతు పూడుకుపోయింది. పెద్దలు ఇలా రకరకాలుగా చెబుతారు. నాయుడు గారు మాత్రం తిన్నారు. ఆయన మొండిఘటం. పప్పూ, పులుసూ, పెరుగూ కానిచ్చి, పడక్కుర్చీలో నడుం వాల్చారు. అమ్మ ఆయన కోసం ఆ కునుకులోనే కాచుకుని ఉంది.

కలలో బోర్డు హాలు. కుర్చీలన్నీ ఖాళీ. గుమ్మం అవతల పసుపు చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ఆమె పాదాలు వాచి ఉన్నాయి.

“లోపలికి రామ్మా, కూర్చో” అన్నారు నాయుడు గారు.

“నువ్వు కూర్చోందే నేనెట్లా కూర్చునేది నాయనా? ఎప్పటి నుంచో నిలబడే ఉన్నా. మీరు వస్తారు, లేస్తారు. మీరు కూర్చుని నా సంగతి తేలిస్తే నేనూ కూర్చుంటా. కూర్చున్నాక మీ ఊరు వదిలి పోను. లేదా, ఇట్నుంచి ఇటే నడిచిపోతా” అందావిడ. అని, వాచిన పాదం ఒకటి వీధి వైపు తిప్పింది.

నాయుడు గారు ఉలిక్కిపడి లేచారు. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎప్పుడూ గడప తొక్కని అయ్యపురెడ్డి ఇంటికి నేరుగా వెళ్లారు. రెడ్డి గారు ఎండిపోతున్న విస్తరి ముందు చెయ్యి కడగకుండా కూర్చుని ఉన్నారు.

“ఏం నాయుడూ, దోవ తప్పావా?”

“తప్పాను. చాలా కాలమైంది తప్పి. లే, మీటింగు ఉంది.”

“అయిపోయింది కదా.”

“కాలేదు. అమ్మ నిలబడే ఉంది.”

రెడ్డి గారు విస్తరి ముందు నుంచి లేచారు. మెంబర్లందరూ దొడ్డికి చేరారు. కుర్చీలు తెప్పించమంటారా అని గుమాస్తా అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. పేడ నేల మీదే, పంచెలు పాడవుతాయని చూడకుండా, గేదె చుట్టూ కూర్చున్నారు. వెలిగుంట బోర్డు నిండుగా కూర్చోవడం అదే మొదలు.

అంత జరిగినా మనిషి మనిషే కదా. తీర్మానం రాయబోతుంటే రెడ్డి గారి పక్షంలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “విడవాలని మొదట అన్నది మేము. తీర్మానం మా పేరున ఉండాలి” అన్నాడు. నాయుడు గారి పక్షంవారు లేవబోయారు. ఒకాయన అప్పుడే సగం లేచాడు కూడా. గేదె ఒక కాలు ఎత్తి వీధి వైపు తిప్పింది.

అది నాయుడు గారు చూశారు. కలలో చూసిన పాదమే.

“కూర్చో” అన్నారు తన మనిషితో. తర్వాత రెడ్డి గారికి దణ్ణం పెట్టి, “నీ పేరే రాయించు రెడ్డీ. తోట నాది, కోపం నాది, తప్పూ నాదే. పేరు నీది” అన్నారు.

రెడ్డి గారు తల దించుకున్నారు. “నాది మాత్రం జాలా ఏమిటి నాయుడూ. ఎవరి పేరూ వద్దు. బోర్డు అని రాయండి.”

తీర్మానం అయింది. మస్తాను తలుపు తీశాడు. నాంచారమ్మ పరుగున ఇంటికి పోయి దూడను రెండు చేతుల మీద మోసుకొచ్చింది. దాని మెడ వాలిపోయి ఉంది. పొదుగు దగ్గర మూతి పెట్టింది. దూడ కదలలేదు. గేదె మెడ తిప్పి దాన్ని నాకింది. మళ్లీ నాకింది. మెంబర్లు ఊపిరి బిగబట్టారు. ఊళ్లో దీపాలు లేకపోయినా, కాలువ పొంగినా బిగబట్టని ఊపిరి అది.

దూడ తోక సన్నగా ఆడింది. మూతి పక్కన తెల్లని నురుగు వచ్చింది.

దూడ తాగినంతసేపూ నిలబడి, అప్పుడు గేదె ముందుకాళ్లు మడిచి, పక్కకు జరిగి, నేల మీద కూర్చుంది. అది నిలబడిన చోట పాలతో కడిగినట్టు మోకాలు ఎత్తి కూర్చున్న అమ్మవారి రూపు పూర్తిగా వెలసి ఉంది. మస్తాను గడ్డి తెచ్చి వేశాడు. గేదె తిన్నది. అందులో పరక ఒకటి అమ్మవారి చేతిలో నిలిచింది. అదే ఇప్పటికీ మీరు చూసే పరక.

ఎవరింట్లోని అన్నాలు వారు అక్కడికే తెప్పించుకున్నారు. విస్తళ్లు వేశారు. నాంచారమ్మను పిలిస్తే, మీ పక్కన నేనా అంటూ దూరంగా నిలబడిపోయింది. నాయుడు గారు లేచి, ఆమె విస్తరి తన ఎదురుగా తానే వేసి, “నువ్వు తిను తల్లీ. తర్వాతే మేము” అన్నారు.

ఆ ఆచారమే నేటికీ నడుస్తోంది. బందెలదొడ్డిని ఊరి అవతలికి మార్చి, ఈ చోటు అమ్మకు వదిలారు. బోర్డు పోయి మున్సిపాలిటీ వచ్చినా, ఎన్నికైన ప్రతి మెంబరూ హాలులో కుర్చీ ఎక్కే ముందు ఇక్కడ నేల మీద కాసేపు కూర్చోవాలి. మీటింగు రోజు అన్ని అంశాలూ తేలేదాకా అమ్మకు నైవేద్యం లేదు, మెంబర్లకు భోజనం లేదు. కసురుకునేవారు ఇప్పటికీ కసురుకుంటారు. లేచి మాత్రం పోరు. పని నిలిచిపోయినవారు, పింఛను రానివారు, పట్టా అందనివారు, పిల్ల పాలు తాగడం లేదని బెంగపడే బాలింతలు, ఒక పిడికెడు పచ్చగడ్డి తెచ్చి అమ్మ ముందు పెట్టి, ఆ గడ్డిని దిక్కులేని పశువుకు వేస్తే, నిలిచినది కదులుతుందని నమ్మకం. పని కదిలినవారు వచ్చి చెప్పిపోతూనే ఉన్నారు.

ఇదిగో, హాలు తలుపులు తెరిచారు. చైర్మను శకుంతలాదేవి గారు ముందు, మెంబర్లు వెనుక, ముఖాలు వాడిపోయి వస్తున్నారు. ఉప్పర వీధి కుళాయి తేలేసరికి ఎండ పడమటికి వాలింది. అమ్మకు నైవేద్యం పెట్టగానే చినమస్తాను వీధిలోకి వెళ్లి రెండో కేక వేశాడు.

“అమ్మ కూర్చుందహో…”

పేరయ్య గారు మూత తీశారు. దొడ్డి నేల మీద చాపలు పరిచారు. మెంబర్లు, కాలువ తీసేవారు, గుమాస్తాలు, పొరుగూళ్ల నుంచి వచ్చిన భక్తులు, మీరూ మేమూ అందరం ఒకే వరసలో కూర్చున్నాం. మొదటి విస్తరి బసవమ్మది. ఆవిడ తాపీగా ఉప్పు అడిగింది. పప్పు కలిపింది. చైర్మను గారు విస్తరిలో చెయ్యి పెట్టకుండా ఆవిడ వైపే చూస్తున్నారు.

“నీళ్లు ఎప్పటికి వస్తాయంటావమ్మా?” అంది బసవమ్మ, ముద్ద చేతిలో పట్టుకుని.

“వచ్చే మీటింగులోపు వస్తాయి పెద్దమ్మా. రాకపోతే నేనూ తినను.”

బసవమ్మ కొంచెం ఆలోచించింది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది. అందరం తినడం మొదలుపెట్టాం.