కోట కొనే గొంగళ్ళు

బీరయ్య ప్రతి గురువారం గుట్టెక్కి కలీమ్ షా బాబా దగ్గరికి వెళ్ళేవాడు. వెళ్ళిన ప్రతిసారీ అడిగేది ఒక్కటే.

"బాబా, ఈ ఏడన్న కోటోల్లు మా గొంగళ్ళు కొనాలె. మస్తుగ కొనాలె. జర దువా చెయ్యుండ్రి."

బాబా అంతా వినేవాడు. ఎవరు ఏం కోరినా చేతులెత్తి "ఆమీన్" అనే మనిషి ఆయన. మేక ఈనలేదని ఏడ్చినవాళ్ళకీ, పిల్లి తప్పిపోయిందని వచ్చినవాళ్ళకీ కూడా కాదనలేదు. బీరయ్య వంతు వచ్చేసరికి మాత్రం నోరు విప్పేవాడు కాదు. గుప్పెడు పుట్నాలు చేతిలో పోసి పంపేసేవాడు.

తనకొక్కడికే ఎందుకిలా అని బీరయ్య దారంతా బాధపడేవాడు. పుట్నాలు మాత్రం గుట్ట దిగేలోపే అయిపోయేవి.

అతని కోరిక పెద్దదేం కాదు. గొంగళ్ళు నేసే వాళ్ళ కురుమవాడలో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. కోటలో సైన్యానికి సరుకులు కొనే కచేరి ఒకటుంది. గుర్రాల దాణా నుంచి చెప్పుల తోలు దాకా అక్కడే బేరం. గొంగళ్ళ గుత్త ఒక్కసారి కురుమల చేతికొస్తే వాడంతా బతుకుతుంది. రాకపోతే వచ్చే వానాకాలానికి మగ్గం కర్రలు పొయ్యిలోకి పోతాయి. ఆ గుత్త ఏటేటా నాగోజీ అనే వ్యాపారి చేతికే పోతోంది.

బీరయ్య తెలివి తక్కువవాడు కాడు. సరుకు అమ్మబోయే ముందు కొనేవాడి తీరు తెలుసుకోవాలనుకున్నాడు. కోట దర్వాజాకి ఎదురుగా ఒక అరుగు చూసుకుని, కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతూ కూర్చునేవాడు. చింతగింజల గంజి పెట్టిన ఉన్ని వాసన అతనికి వీధి అవతలి నుంచే తెలుస్తుంది. గొంగళ్ళ బండి లోపలికి పోతే నల్లదారానికి ఒక ముడి వేసేవాడు. కోట వెనక దర్వాజా నుంచి గుడ్డ కప్పిన బండ్లు బయటికి వస్తుంటాయని కొన్నాళ్ళకి తెలిసింది. గాలికి గుడ్డ లేచినప్పుడు అందులోనూ గొంగడి అంచులే కనిపించాయి. వాటికి తెల్లదారం మొదలుపెట్టాడు.

రెండేళ్ళకి నల్లదారం నిండా ముడులే. ఈ ఏడు మరీ ఎక్కువ. ముడి పడినప్పుడల్లా బీరయ్యకు సంబరంగా ఉండేది. ఇన్ని కొనే కచేరి తమ దగ్గర కొన్ని కొనకపోతుందా అని. సంబరం వెనకే అనుమానం కూడా వచ్చింది.

గొంగడి అంటే ఏడాదికో రెండేళ్ళకో చిరిగే బట్ట కాదు. బీరయ్య కప్పుకునేది అతని తండ్రిది. వానకు తడిసి, ఎండకు ఎండి, తండ్రి పోయాక కొడుకు భుజానికెక్కింది. ఇంకా ఎక్కడా పోగు కదల్లేదు. మరి కోట అదే, ఉండే సిపాయిలు అంతే. ఏటా బండ్లకు బండ్లు గొంగళ్ళు ఏం చేసుకుంటున్నారు? ముందు దర్వాజాలో సర్కారు సొమ్ముతో కొంటున్నారు, వెనక దర్వాజాలో అమ్ముకుంటున్నారు! ఇంతకంటే ఏముంటుంది?

ఆ మాట బుర్రలోకి ఎక్కాక బీరయ్యకు ఊరంతా దొంగలే కనిపించారు. కచేరి మున్షీ దగ్గితే అది నాగోజీకి సైగ అనుకున్నాడు. కాపలావాడు "ఏ ఊరు పెద్దాయనా?" అని పలకరిస్తే ఎవరో అడిగించారనుకున్నాడు. అరుగు ఇంటావిడ మజ్జిగ ఇస్తే తాగకుండా పారబోశాడు. సోమవారం గుత్త బేరానికి కచేరిలో చూపించడానికి నేసిన మచ్చు గొంగడిని ఇంట్లో పెట్టడానికీ భయమే. దాన్ని మడిచి రోజంతా భుజాన మోసుకు తిరిగాడు. ఎండాకాలంలో రెండు గొంగళ్ళు మోస్తున్న మనిషిని చూసి జనం నవ్వుకున్నారు. ఆ నవ్వు మీద కూడా అతనికి అనుమానమే.

ఒకరోజు పొద్దున వెనక దర్వాజా నుంచి బండి వచ్చింది. బీరయ్య తెల్లదారానికి ముడి వేసి, దారం మొలలో దోపుకుని, బండి వెనకే నడిచాడు. కొనేవాడెవడో ఇవాళ తేలిపోవాలి.

బండి ఊరు దాటింది. వాగు దాటింది. కలీమ్ షా బాబా గుట్ట వైపు తిరిగింది.

బీరయ్య ఆగిపోయాడు. రాతి మీద కూలబడ్డాడు. బాబా ఆమీన్ అనకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది. తన దువా ఫలిస్తే నాగోజీ గుత్త పోతుంది, అది పోతే బాబా వాటా మోసే ఈ బండి ఆగిపోతుంది. ఇన్ని గురువారాలు ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది. లేచి, కళ్ళు తుడుచుకుని, గుట్ట చుట్టూ తిరిగి వెనక వైపుకి వెళ్ళాడు. ఆ వైపు అతను ఎప్పుడూ రాలేదు.

బాబా చేతిలో పార ఉంది. బండి ఆయన పక్కనే ఆగి ఉంది.

"కోట గొంగళ్ళు మీ తానికి ఎందుకొస్తున్నయ్ బాబా?" అన్నాడు బీరయ్య. "మీరు గూడనా?"

బాబా కోప్పడలేదు. పార నేలకి ఆనించి, బండి దగ్గరికి వెళ్ళి పైగుడ్డ తీశాడు. చుట్టిన గొంగళ్ళు వరసగా ఉన్నాయి.

"ఈ కొస పట్టు బిడ్డా," అన్నాడు.

బీరయ్య పట్టుకున్నాడు. నేతవాడి చెయ్యి కదా, ముందు నేతనే తడిమింది. గంజి సరిగా పట్టలేదు, అంచు వదులు. నాగోజీ సరుకే అనుకుంటూ ఎత్తబోయాడు. గొంగడికి అంత బరువుండదు. తను పట్టుకున్న కొస నుంచి రెండు పాదాలు బయటికి జారాయి.

బీరయ్య వదల్లేదు. వదిలేస్తే ఆ మనిషి కింద పడతాడు. బాబా ఎటు నడిస్తే అటు నడిచి, చూపించిన చోట మెల్లగా దించాడు. అప్పుడు తల ఎత్తి చూస్తే గుట్ట వెనక వాలు అంతా మట్టి దిబ్బలే. కొన్నింటి మీద గడ్డి మొలిచింది. చాలావాటి మీద ఇంకా మొలవలేదు.

"సరిహద్దుల కొట్లాట ఆగలేదు గద," అన్నాడు బండివాడు ఎడ్లకు గడ్డి వేస్తూ. "గాయాలోల్లను కోట దవాఖానకు తెస్తరు. మనిషికో గొంగడి ఇస్తరు. బతికితే కప్పుకుంటడు, సస్తే అండ్లనే సుడతరు. ఇల్లున్నోల్లను ఇంటికి పంపుతరు. ఎవ్వరు లేనోల్లను బాబా తానికి తెస్త."

బీరయ్య మొలలో దారం తడుముకున్నాడు. పొద్దున వేసిన ముడి వేలికి తగిలింది.

ఆ రోజు ఇద్దరూ కలిసి బండిలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే గుంతల్లోకి దించారు. ఆఖరివాడు పొడుగాటి కుర్రాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. గొంగడి కిందికి లాగితే మొహం బయటపడుతోంది, పైకి లాగితే కాళ్ళు బయటపడుతున్నాయి. నాగోజీ జానెడు తక్కువ నేయించాడు. రెండేళ్ళు కాపలా కాసిన బీరయ్యకు ఈ దొంగతనం ఒక్కటే కనిపించలేదు.

భుజం మీది మచ్చు గొంగడి తీశాడు. మడత విప్పి ఆ పాదాల మీద కప్పి, అంచులు లోపలికి దోపాడు. చంటిపిల్లకి దోపినట్టు దోపాడు.

"సోమవారం కచేరిల ఏం చూపిస్తవు?" అడిగాడు బాబా.

"ఇంకోటి నేస్త. ఇంకో జానెడు పొడుగు పెట్టి నేస్త."

మట్టి పూడ్చడం అయ్యాక బాబా కూజా తెచ్చి బీరయ్య చేతుల మీద నీళ్ళు పోశాడు. బండి వెళ్ళిపోయింది. బీరయ్య వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఏమన్న అడుగుతవా బిడ్డా?"

బీరయ్యకు కురుమవాడ కళ్ళ ముందు మెదిలింది. మూలపడ్డ మగ్గాలు, వాటి ముందు ఊరికే కూర్చున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు.

"కోటోల్లు మా గొంగళ్ళే కొనాలె బాబా."

బాబా ఎప్పటిలాగే ఊరుకున్నాడు.

బీరయ్య మట్టి దిబ్బల వైపు చూశాడు.

"తక్కువ కొనాలె," అన్నాడు. "ఏటికేడు తక్కువ కొనాలె."

కలీమ్ షా బాబా కూజా కింద పెట్టి, తడి చేతులు రెండూ పైకెత్తాడు.

"ఆమీన్," అన్నాడు.