నాలుగో ప్రశ్నకు జవాబు

కందుకూరు కోర్టు వీధిలో వకీలు కోదండపాణి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరొచ్చి ఏమడిగినా ముందు కూర్చోమనేవారు. మంచినీళ్లిప్పించేవారు. ఆ తర్వాత, అడిగిన ప్రశ్ననే మళ్లీ మొదటినుంచి చెప్పమనేవారు. భోజనాల దగ్గర భార్య "ఉప్పు సరిపోయిందా?" అన్నా "ఎందుకడుగుతున్నావు?" అంటారని వకీళ్లు కూర్చునే బార్ రూములో ఒక ఛలోక్తి. నేనాయన దగ్గర పాతికేళ్లు గుమాస్తాగా చేశాను కనుక అది పూర్తిగా అబద్ధమని చెప్పలేను.

ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన హిమబిందుకి ఈ పద్ధతి మింగుడుపడలేదు. తెలివైన మనిషి. చట్టం నాలుక చివరే ఉంటుంది. కాకపోతే తొందర. ఆర్నెల్లు ఓపిక పట్టి ఒక ఉదయం అడిగేసింది.

"సార్, వచ్చేవాళ్లు అడిగేవి తిప్పితిప్పి పది ప్రశ్నలే. వీలునామా రిజిస్టరు చేయించాలా? ఆడపిల్లకి వాటా ఉందా? పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోతే ఎవరికి చెప్పుకోవాలి? జవాబులూ అవే. మరి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అంతసేపు వినడం ఎందుకు?"

ఆయన వాదనకు దిగలేదు. "రాసి పెట్టమ్మా," అన్నారు, అంతే.

వారం తిరక్కుండా వరండాలో బోర్డు లేచింది. పది ప్రశ్నలు, పది జవాబులు, దూరానికి కూడా కనిపించే నల్లటి అక్షరాలు. ఒక్క తప్పు లేదు. జనం నిలబడి చదువుకోడానికి అడ్డమని అక్కడుండే కుర్చీని ఆమె లోపల వేయించింది. మంచినీళ్లు మోసే పని తగ్గుతుందని నాకూ సంతోషంగానే ఉంది, దాచడమెందుకు?

మొదటి రోజే ఫలితం కనిపించింది. మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఒక యాభై ఏళ్లావిడ మెట్లెక్కి వచ్చింది. చీర కుచ్చెళ్లకి పిండి అంటుకుని ఉంది, చంకలో గుడ్డ సంచి. బోర్డు ముందు నిలబడి వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. "కోర్టు నోటీసు తిప్పి పంపితే ఏమవుతుంది?" కింద జవాబు: "అందినట్టే లెక్క. మీరు లేకుండానే తీర్పు చెప్పవచ్చు."

ఆవిడ ఆ జవాబు రెండుసార్లు చదివింది. "నే అడగాలనుకుంది ఇదేనమ్మా," అంది హిమబిందుతో. "రాసే పెట్టారు, మంచి పని. ఇంక మిమ్మల్ని కష్టపెట్టడమెందుకు? పోతన్నా." దణ్ణం పెట్టి మెట్లు దిగిపోయింది.

హిమబిందు సంబరంగా లోపలికి పరిగెత్తింది. "చూశారా సార్! నిమిషంలో పనైపోయింది!"

కోదండపాణి గారు కాగితాల మీంచి తల ఎత్తారు. "నోటీసు ఎవరు తిప్పి పంపారంట?"

హిమబిందు గిరుక్కున వరండా వైపు తిరిగింది.

"ఎటు పోయింది ఆవిడ?" అన్నారు సార్.

ఆ తర్వాత ఆ పిల్ల పరుగు చూడాలి! నల్లకోటు గాలికి ఎగురుతుంటే బజారు మధ్యనుంచి బస్టాండుకి ఒకటే పరుగు. వెనకాల నేను. జనం వకీళ్ల వెంట పరిగెత్తడం చూశాను గానీ, వకీలు జనం వెంట పరిగెత్తడం చూడటం నాకదే మొదలు. గుడ్లూరు బస్సు అప్పుడే కదిలింది. హిమబిందు దాన్ని రెండు చేతులతో బాదుతూ పక్కనే ఉరికింది.

"ఏందమ్మా, ఇది బస్సా, మీ కోర్టా?" అని కండక్టరు కసిరాడు గానీ బస్సు ఆగింది. ఆవిడ కిటికీ పక్కనే ఉంది. పేరు నాగూరమ్మ.

"అమ్మా, ఆ నోటీసు మీరే వద్దన్నారా?"

"నేను ఇంట్లో ఉంటే గదా తల్లీ! బిడ్డ కాన్పుకి ఒంగోలు ఆస్పత్రిలో ఇరవై రోజులుండా. మా తోడికోడలు పోస్టాయనతో 'ఆమె తీసుకోదంట, పంపెయ్' అని చెప్పిందంట. దావా వేసింది వాళ్లాయనే. నా మొగుడు పోయినాక ఆ పిండిమరే నాకు తిండి పెడతాంది. ఇప్పుడేమో 'కోర్టు మాకిచ్చేసింది, మర ఎత్తేసి గది ఖాళీ చెయ్యి' అంటన్నాడు."

"తీర్పు కాగితం ఉందా?"

సంచిలోంచి నకలు తీసి కిటికీలోంచి అందించింది. తేదీ జూన్ పన్నెండు. ఆ రోజు జూలై పన్నెండు. మనం లేకుండా చెప్పిన తీర్పు కొట్టెయ్యమని అడగడానికి గడువు ముప్పై రోజులు. హిమబిందు వేళ్ల మీద లెక్కపెట్టి, "ఈరోజే! ఈరోజే ఆఖరు! దిగండి!" అని అరిచిన అరుపుకి డ్రైవరు ఇంజను ఆపేశాడు.

నాగూరమ్మకి అర్థం కాలేదు. "అయిపోయిందని రాశారు గదమ్మా?"

"నేనే రాశాను. మిమ్మల్ని అడక్కుండా రాశాను. దిగండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా."

"దిగవ్వా! ప్లీడరమ్మే ఉరికొచ్చిందంటే ఉత్తినేనా?" అని బస్సంతా ఒకటే గోల. సంచి ఒకరందుకున్నారు, చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆవిడని దాదాపు మోసినంత పని చేసి దించారు.

కోర్టు ఆఫీసులో ఐదింటి దాకానే కాగితాలు తీసుకుంటారు. నా టైపు మిషను అంత వేగంగా జన్మలో పనిచెయ్యలేదు. కోదండపాణి గారు పక్కన నిలబడి చెబుతున్నారు, హిమబిందు పేజీలు సరిచూస్తోంది. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం సంచి అడుగున పసిపిల్ల టోపీలో చుట్టి ఉంది. అది బయటికి రాగానే, నోరు తెరిచి ఎవరినీ మెచ్చుకుని ఎరగని మా సార్ "శభాష్!" అన్నారు. నాలుగూ యాభైకి సంతకాలు. మేము పోయేసరికి ఆఫీసులో బీరువాలకి తాళాలు వేస్తున్నారు. అర్జీ మీద ఆ రోజు తేదీ ముద్ర పడిన చప్పుడు విని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాతి సంగతి కూడా చెప్పేస్తాను: ఆ తీర్పు కొట్టేశారు, కేసు మొదటినుంచి నడిచింది, నాగూరమ్మ పిండిమర ఇప్పటికీ ఆడుతోంది.

నాగూరమ్మని మళ్లీ బస్సెక్కించి ఆఫీసుకి చేరాం. హిమబిందు కోటన్నా విప్పకుండా, బోర్డు పీకడానికి స్టూలు వేసుకుంది.

"తప్పు రాశాను సార్. తీసేస్తా."

"తప్పేముంది? నువ్వు రాసింది చట్టమేగా," అన్నారు కోదండపాణి గారు.

"మరి?"

ఆయన బోర్డు వంక చూశారు. దాని ముందున్న ఖాళీ వంకా చూశారు.

"బోర్డు ఉండనియ్యి. ఆ కుర్చీ మళ్లీ ఇక్కడ వెయ్యి."