పాలపిట్టకు తలంటు

అనగనగా పింఛపురం అనే రాజ్యం. దానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రసేనుడికి ఏనుగుల దండు ఉంది. నడిపివాడు భద్రసేనుడికి ఓడల వరుస ఉంది. చిన్నవాడు మణిసేనుడి దగ్గర ఉన్నదల్లా అమ్మ చెప్పిన కబుర్లు. లెక్క వేసి చూస్తే అన్నిటికన్నా అవే ఎక్కువ.

ఆ రాజ్యంలో పిట్టలకి రంగుల్లేవు. చిలక తెలుపు, గోరింక తెలుపు, నెమలి అయితే ఉతికి ఆరేసిన చీర. చిన్నవాడు పుట్టకముందే వన్నెలన్నీ పోయాయి. అందుకని రాణిగారు రోజూ పొద్దున్నే పెరటి అరుగు మీద గింజలు చల్లుతూ, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆనాటి సంగతులు చెప్పేది. వంగపండు పిట్ట పసుపుముద్దలా ఉండేదట. చిలక కొత్త వరిమడిలా ఉండేదట. పాలపిట్ట కొమ్మ మీద కూర్చుంటే బీదింటి పిల్లలా ఉండేదట, రెక్క విప్పి లేచిందంటే మహారాణేనట. చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయేది. గింజలు తినే తెల్ల పిట్టల్లో ఏది ఏదో పోల్చుకోలేక, ఒకదాని పేరుతో ఇంకోదాన్ని పిలిచేది.

వన్నెలు పోవడానికి కారణం ఆవిడే. ఒకనాడు మసిబొట్టు మాంత్రికుడు అద్దకంవాడి వేషంలో వచ్చి చీరలు పరిచాడు. రాణి నవ్వి, మా పిట్టల ముందు నీ చీరలేపాటివని అంది. అద్దకంవాళ్లు మచ్చు లేనిదే రంగు కలపరు కదా. అయితే పిట్టకో ఈక మచ్చుగా ఇప్పించండి తల్లీ, అదే వన్నె దించి చూపిస్తానన్నాడు వాడు. ఆవిడ తన చేత్తోనే రాలిన ఈకలు ఏరి ఇచ్చింది. వాడు వాటిని తీసుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు. మర్నాటికల్లా పిట్టలూ, అవి తినే పళ్లూ, రాజ్యమంతా తెల్లబోయింది.

ఇప్పుడావిడ కళ్లకి పొర కమ్ముతోంది. దసరా దాటితే వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియదని వైద్యులు చెప్పేశారు. ఈలోగా ఒక్కసారి పాలపిట్ట నీలం చూడాలని ఆవిడ కోరిక.

పెద్దవాడు కత్తి దూసి వెళ్లాడు, రాలేదు. నడిపివాడు ఓడలు నింపుకుని వెళ్లాడు, రాలేదు. చిన్నవాడు చిన్న పడవ కట్టుకున్నాడు. అమ్మ దారికని అటుకులు మూట కట్టింది. తలంటుకోవడం మానకు నాన్నా అంటూ సున్నిపిండి డబ్బా కూడా ఇచ్చింది.

పడవ కొస మీద ఓ కాకి వచ్చి వాలింది. నిగనిగలాడే నలుపు. మణిసేనుడు ఆశ్చర్యపోయి, నీ రంగు ఎలా మిగిలింది కాకి బావా అని అడిగాడు.

"నా ఈక మచ్చుకి అక్కర్లేదన్నాడు చిన్నదొరా. మసి తన దగ్గర బోలెడుందట," అంది కాకి. "అందగాళ్లకే దొంగల భయం. పద, దారి నేను చూపిస్తా. అటుకులు మాత్రం సగం నావి."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. ఆరో సముద్రం ఒడ్డున ఒక తెల్ల రాజహంస కాలికి వల చుట్టుకుని పడి ఉంది. మణిసేనుడు దిగి చిక్కు విప్పాడు. అది నిట్టూర్చి, తమ వన్నె తమ తిండిదేనని చెప్పింది. ఉప్పునీటి మడుగుల్లో ఎర్ర రొయ్యలు తిని తామూ ఎర్రబడేవాళ్లమనీ, ఆ రొయ్యలే తెల్లబడ్డాక తామూ తెల్లబడ్డామనీ పాత రోజులు తలుచుకుంది. ఏడో సముద్రం అది తన వెంట దాటించింది.

మాంత్రికుడి దీవిలో చెరువు గట్టున రెండు బూడిద కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. మణిసేనుణ్ణి చూడగానే రెండూ తలలు వంచుకున్నాయి. అన్నలని వాడికి వెంటనే తెలిసిపోయింది.

మాంత్రికుడు మంచి ఉషారుగా ఎదురొచ్చాడు. మూడు పనులు చేస్తే వన్నెలన్నీ ఇచ్చేస్తాననీ, తప్పితే గట్టు మీద మూడో కొంగకి చోటుందనీ చెప్పాడు. మొదటి పని, తెల్ల వంగపండు పిట్టకి నీళ్లకి పోని పసుపు తెప్పించడం.

పక్కన పసుపు రంగు నిండిన బాన ఉంది. దాన్ని కలుపుతున్న పిల్ల పేరు లవంగి. ఏదో దేశపు రాజకుమార్తె, వాడు ఎత్తుకొచ్చి పనికి పెట్టాడు. మోచేతుల దాకా రంగులే. ఆమె మెల్లగా చెప్పింది. "మీ పెద్దన్నగారు కుంచెతో పూశారు, కారిపోయింది. చిన్నన్నగారు జిగురు కలిపి పూశారు, పిట్ట ఎగరలేకపోయింది. మీరేం పెట్టి పూస్తారు?"

"నేను పూయను. వడ్డిస్తాను," అన్నాడు మణిసేనుడు.

పళ్లని బానలో నానబెట్టి పిట్టకి తినిపించాడు. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. మణిసేనుడు తొందరపడలేదు. పాత ఈకలు రాలాయి. కొత్త ఈకలు మొలిచాయి. మొలిచినవి మొలిచినట్టే పసుపు. నీళ్లలో ముంచినా ఒక్క చుక్క దిగలేదు.

రెండో పని, పాలపిట్టకి నీలం. మణిసేనుడు నీలం బాన మూత తీసి చూస్తే అది ఖాళీ. లవంగి అప్పుడు అసలు సంగతి చెప్పింది. మాంత్రికుడు పసుపు ఈక దంచితే పసుపు దిగిందట, ఎర్ర ఈక దంచితే ఎరుపు దిగిందట. నీలం ఈక ఎంత దంచినా తెల్ల బూడిదే వచ్చిందట. ఆ కోపంతో బూడిదని నూనెలో కలిపి నీలం పిట్టలన్నిటి మీదికీ ఊదాడట.

మణిసేనుడు ఆలోచించాడు. దంచితే పోయేది రంగు ఎలా అవుతుంది? నీలమన్నది ఈక అల్లికలోనే ఉంది, ఎండ తగిలితే పలుకుతుంది. అందుకే మరి, అమ్మ చెప్పిన పాలపిట్ట రెక్క విప్పినప్పుడే మహారాణి. అంటే నీలాన్ని ఎవడూ ఎత్తుకుపోలేదు. అది బూడిద కింద అలాగే ఉంది. నూనె బూడిద వానకి పోదు. మరి దేనికి పోతుంది?

వాడు సున్నిపిండి డబ్బా తీశాడు.

"పిట్టకి తలంటా?" అంది కాకి. "నా జన్మలో చూడలేదు. పక్కనే కూర్చుంటా."

రెక్కా రెక్కా నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, పాలపిట్టని ఎండలోకి వదిలాడు. అది లేచింది. మణిసేనుడు పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటి నీలం పిట్ట అది.

మూడో పని, దీవిలోని తెల్ల చిలకలన్నిటికీ పచ్చదనం. లవంగి నవ్వి, పసుపులో నీలం కలిస్తే ఏమవుతుందో బానలు కలిపేదాన్ని నాకు చెప్పాలా అంది. కాబట్టి ఇద్దరూ కూర్చుని చిలకలకి పసుపు జాంపళ్లు పెట్టారు, వరసగా తలంట్లు పోశారు. కొత్త ఈకలతో దీవంతా వరిమడి అయింది. మణిసేనుడు ఒక్క చూపులో లెక్క కట్టాడు. పచ్చనివి ఒకటి తక్కువ.

చూస్తే ఒకే ఒక్క చిలక తెల్లగా మిగిలింది. ఎన్ని పళ్లు పెట్టినా ముట్టదు. తిండి అక్కర్లేదంటే దానిలో ఉన్న ప్రాణం దానిది కాదు, ఇంకెవరిదో. మణిసేనుడు దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. అటు మాంత్రికుడు గొంతు పట్టుకుని కూలబడ్డాడు.

ముందు అన్నల్ని మనుషుల్ని చెయ్యమన్నాడు మణిసేనుడు. మాంత్రికుడు ప్రాణభయంతో కొంగల మీద మంత్రజలం చల్లాడు. అన్నలిద్దరూ మనుషులయ్యారు. అప్పుడు చిలక నోరు తెరిచింది.

"వీడి ప్రాణం మోసి మోసి అలిసిపోయాను నాయనా. ఆకలంటే ఏమిటో మరిచిపోయాను. నాకూ ఒక ముక్క పెట్టు."

మణిసేనుడు జాంపండు ముక్క అందించాడు. చిలక మింగింది. దాని ప్రాణం దానికి వచ్చింది. మాంత్రికుడు ఉన్నచోట గుప్పెడు మసి మిగిలింది.

బానలన్నీ నడిపివాడి ఓడకెత్తుకుని దసరా ముందురోజుకి ఇల్లు చేరారు. ఊరు ఊరంతా సున్నిపిండి కలిపింది. ముత్తైదువలు పీటలు వేసుకుని కూర్చుంటే లకుముకి పిట్టలు, నెమళ్లు వంతులకోసం తగువులాడుకున్నాయి. పాలపిట్ట మాత్రం నేరుగా రాణిగారి ఒళ్లో వాలింది.

ఆవిడ తడుముకుంటూ రెక్క విప్పి పిండి నలిచింది. కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. వేళ్ల కింద బూడిద కరిగి నీలం బయటపడుతోంది. "అదే," అంది. "అచ్చంగా అదే. నా చేత్తో ఇచ్చాను, నా చేత్తోనే తీసుకున్నాను." పిట్ట ఎగిరిపోయినా ఆవిడ చాలాసేపు ఆ దిక్కే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత లవంగికీ మణిసేనుడికీ పెళ్లయింది. అన్నలిద్దరూ కొంగల్లా నిలబడిన ఓపికతో పందిరి రాటలు పట్టుకున్నారు. రాజు కిరీటం చిన్నవాడికే ఇచ్చాడు. వాళ్లు మనవలని, మునిమనవలని ఎత్తుకునేదాకా చల్లగా ఏలారు. కానీ అదంతా తర్వాతి మాట.

పట్టాభిషేకం మర్నాడు సింహాసనం ఖాళీగా ఉంది. నీలం వచ్చింది సరే, పసుపూ ఎరుపూ చెట్టు వేళ్లలోంచి కాయలోకి, కాయలోంచి ఈకలోకి రావాలి. అమ్మకి ఆ పసుపు కనబడదు, అయినా వంగపండు పిట్ట వాలిందని ఎవరో ఒకరు ఆమెకి చెప్పాలి కదా. కొత్త రాజు పంచె ఎగగట్టాడు. చెట్ల మొదళ్లలో పోయడానికి లవంగి రంగు బాన చంకనెత్తుకుంది. వాడు గునపం భుజాన వేసుకుని, కాయలు తెల్లబోయిన మొదటి చెట్టు వైపు అడుగు ఎత్తాడు.