పడవ లేని ఓడ

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరిలాంటిది కాదు నాన్నా. ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, మధ్యలో గుప్పెడు ఇళ్ళు. రేవుకి ఎదురుగా ఎప్పుడు చూసినా తెరచాప ఓడల కొయ్యలు నిలబడి ఉండేవి, అందుకని ఆ ఊరిని కొయ్యలపేట అనేవారు.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు సింహాద్రి ఓడ మీద చుక్కాని పట్టేవాడు. అత్త పేరు అప్పాయమ్మ. కూతురు పైడి. పైడి నీ అంతే ఉంటుంది, నీలాగే ఒక్కచోట కాలు నిలవదు.

నూకరత్నానికి ఒక సరదా ఉండేది. వంటా వార్పూ అయ్యాక తక్కిన ఆడవాళ్ళు అరుగుల మీద గవ్వలాడుకుంటే, ఈవిడ చిన్న చాకూ ఉలీ పెట్టుకుని బొమ్మ ఓడలు కట్టేది. ఉత్తుత్తి బొమ్మలనుకున్నావేమో, కాదు. పెద్ద ఓడలో బారెడున్నది బొమ్మలో బొటనవేలి వెడల్పు ఉండాలి. నువ్వుగింజంత తేడా వచ్చినా ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేది. ఎప్పుడో తాతలనాడు పోయిన ఓడలు కూడా, ఓడలు నడిపిన ముసలి సరంగుల్ని అడిగి అడిగి విసిగించి, ఉన్నదున్నట్టు కట్టేది. అంకుడు కర్రతో ఓడ ఒళ్ళు, పాత పంచె గుడ్డతో తెరచాపలు, మైనం పట్టించిన నూలు దారంతో తాళ్ళు. ఇంట్లో గూళ్ళ నిండా ఓడలే. ఉప్పు డబ్బా పెట్టుకోడానికి చోటు లేదని అప్పాయమ్మ సణిగేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం కూడా ఉండేది. ఇంటి మగవాడు ఓడెక్కి సముద్రం అవతల రంగం రేవుకి బయల్దేరిన నాడే, ఇంట్లో ఆడవాళ్ళు ఆ ఓడకి ఒక బొమ్మ ఓడ మొదలుపెట్టాలి. అతను తిరిగొచ్చాక తన చేత్తోనే బొమ్మ కొయ్య చివర ఎర్ర జెండా కట్టాలి. అప్పటికి బొమ్మ పూర్తయినట్టు. అందాకా పూర్తి కాకూడదు. పూర్తయిందంటే, ఈ ఓడకి ఇంక సముద్రంలో పనేముందని గంగమ్మ తల్లి లోపలికి తీసేసుకుంటుందట. ఇంకో మాట కూడా ఉంది. కట్టిన జెండా మళ్ళీ దింపారంటే, ఆ మనిషి ఇంక రాడని ఇంటివాళ్ళే ఒప్పుకున్నట్టు.

భయమేసిందా? దుప్పటి కప్పుకో. ఊఁ కొట్టు.

ఆ ఏడు పడమటి గాలి మొదలవగానే మూడు ఓడలు బయల్దేరాయి. మూడో దాని పేరు గంగాభవాని. సింహాద్రి దాని మీదే ఉన్నాడు. పడమటి గాలికి వెళ్ళిన ఓడ తూర్పు గాలికి తిరిగిరావాలి. పుష్యమాసానికల్లా రావాలి. ఫాల్గుణంలో గాలి తిరిగిపోయి దక్షిణం నుంచి వీస్తుంది. అప్పటికీ రాని ఓడ కోసం కొయ్యలపేటలో ఎవరూ అన్నం మిగల్చరు.

అప్పుడు నూకరత్నం గంగాభవానికి బొమ్మ కట్టడం మొదలుపెట్టింది. తక్కిన ఇళ్ళలో ఆడవాళ్ళు నెలకో పలక చెక్కి పక్కన పెట్టేవారు. ఈవిడ చెయ్యి అలాంటిది కాదు, పని పట్టుకుంటే ఆగదు. దసరా వచ్చేసరికి ఓడ ఒళ్ళు అయిపోయింది, కొయ్యలు నిలబడ్డాయి, తెరచాపలు కూడా ఎక్కాయి. ఇంక మిగిలింది జెండా ఒక్కటే.

అప్పాయమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "ఏటే ఈ తొందర? ఓడ రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఈలోగా ఏటి చేస్తావు?" అంది.

నూకరత్నం గుండెల్లో రాయి పడింది. సరదా కొద్దీ కట్టుకుపోయింది గానీ, ఆ సంగతే తట్టలేదు. అప్పుడు ఓడలో ఇంకేం ఉండాలా అని వెతకడం మొదలుపెట్టింది.

మొదట నీళ్ళ పీపాలు చేసింది. ఒక్కొక్కటి మిరియపు గింజంత. అవి అయిపోయాయి. ఆ తర్వాత వంట పొయ్యి చేసింది, దాని మీద కుండ, కుండ మీద మూత. అవీ అయిపోయాయి. ఆ తర్వాత మనుషుల్ని చెక్కింది. అందరికంటే ఆఖరున చుక్కాని దగ్గర సింహాద్రిని నిలబెట్టి, తన చీర అంచు చింపి ఎర్ర తలపాగా చుట్టింది. చుట్టాక చెయ్యి ఆగిపోయింది. ఇంక చెయ్యడానికి ఏమీ కనబడలేదు.

అప్పటికి పుష్యం వచ్చింది. మొదటి ఓడ వచ్చింది. ఆ తర్వాత రెండో ఓడ వచ్చింది. మూడోది రాలేదు.

నూకరత్నం రేవుకి పరిగెత్తి వచ్చినవాళ్ళని అడిగింది. వాళ్ళు ఆవిడ మొహంలోకి చూడలేదు. "మా వెనకే లంగరెత్తారమ్మా. దారిలో గాలివాన పట్టింది. తెల్లారి చూస్తే వెనక ఎవరూ లేరు" అన్నారు.

ఆ తర్వాత నూకరత్నానికి తిండి సయించలేదు. పొద్దున లేస్తూనే గాలి ఎటుందో చూసేది. తూర్పు నుంచే ఉందంటే ఒక ముద్ద తినేది. అప్పాయమ్మ మాత్రం నోరెత్తేది కాదు. కొడుకు పేరెత్తితే ఏడుపొస్తుందని, ఉప్పు డబ్బా సంగతి కూడా సణగడం మానేసింది.

మాఘమాసం చివర్లో ఒక మధ్యాహ్నం నూకరత్నం నీళ్ళకి వెళ్ళి వచ్చింది. బిందె దించుతూ గూటి వైపు చూసింది. గంగాభవాని కొయ్య చివర ఎర్ర జెండా కట్టి ఉంది.

బిందె నేలకి సరిగా ఆనకుండా ఒరిగిపోయింది. నీళ్ళన్నీ ఇల్లంతా పారాయి. పైడి గూటి కింద రోలెక్కి నిలబడి ఉంది. చేతిలో చీర అంచు పీలిక ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఎవరు కట్టమన్నారే?" అంది నూకరత్నం.

"అయ్య వచ్చాక జెండా కడతారని మామ్మే చెప్పింది కదే. అందుకని జెండా కట్టేశాను. ఇంక అయ్య వచ్చేస్తాడు" అంది పైడి.

చూశావా ఆ పిల్ల లెక్క? తెల్లారితే కోడి కూస్తుంది కాబట్టి, కోడిని కూయిస్తే తెల్లారుతుందనుకుంది. నవ్వకు. నువ్వు మొన్న వాన కోసం గొడుగు తెరిచి కూర్చోలేదూ?

నూకరత్నం కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ మొహం చూసి చెయ్యి దించేసుకుంది. అప్పుడు పైడికి తను చెయ్యకూడనిదేదో చేశానని అర్థమైంది. వెలుగంతా పోయింది. రోలు దిగి మూలకి పోయి కూర్చుంది.

అప్పాయమ్మ వచ్చింది, చూసింది, అక్కడే కూలబడింది.

నూకరత్నానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. జెండా దింపేద్దామనుకుంది. దింపితే మొగుడు రాడని తనే ఒప్పుకున్నట్టు. పోనీ, కొయ్య విరిచేసి మళ్ళీ కడదామనుకుంది. నడిసముద్రంలో ఉన్న ఓడ కొయ్యని ఏ ఇల్లాలు విరుస్తుంది? పోనీ, ఎదురుగా లేకుండా అటక మీద పెట్టేద్దామనుకుంది. చుక్కాని దగ్గర ఎర్ర తలపాగా మనిషి తన వైపే చూస్తున్నట్టనిపించి, ఆ పనీ చెయ్యలేకపోయింది.

అప్పుడు ఓడ ముందు కూర్చుంది. బొమ్మ కట్టేటప్పుడు ఏదైనా తోచకపోతే ఆవిడ ఒక పని చేసేది. తను చీమంత అయిపోయి ఆ ఓడ మీద నడుస్తున్నట్టు ఊహించుకునేది. ఇప్పుడూ అలాగే నడిచింది. పొయ్యి దాటింది, పీపాలు దాటింది, చుక్కాని దగ్గర మొగుడి పక్కన నిలబడింది. ఇదిగో, ఊరొచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లోతు లేదు, ఓడ దూరంగానే లంగరేసింది. ఇంక దిగాలి. దిగడానికి కిందికి చూసింది.

ఎందులోకి దిగాలి?

గబుక్కున లేచి నిలబడింది. "అత్తా, ఓడకి పడవ లేదు" అంది.

ప్రతి ఓడ మీదా ఒక చిన్న పడవ ఉంటుంది నాన్నా, ఒడ్డుకి రావడానికి. కొయ్యలపేటలో ఏ ఇంట్లోనూ, ఏ బొమ్మ ఓడకీ అది పెట్టలేదు. ఎందుకంటావా? ఆడవాళ్ళు ఓడని చూసేది ఒడ్డు మీంచి. వాళ్ళు చూసేసరికే పడవ నీళ్ళలో దిగి, మనుషుల్ని ఎక్కించుకుని వస్తూ ఉంటుంది. అది వేరే పడవనుకున్నారే గానీ, ఓడలో ముక్కేనని ఎవరికీ తట్టలేదు. నువ్వుగింజంత తేడా ఒప్పుకోని నూకరత్నానికే తట్టలేదు.

"పడవ లేని ఓడ పూర్తయినట్టా అత్తా?" అని అడిగింది.

అప్పాయమ్మ లేచి వచ్చి ఓడని అటూ ఇటూ చూసింది. "కానట్టే" అంది. అని కళ్ళు తుడుచుకుంది.

ఇంట్లో అంకుడు కర్ర అయిపోయింది. సింహాద్రికి అంబలి కలిపే తెడ్డు తీసుకుని, దాని కాడ కోసింది నూకరత్నం. ఈసారి చెయ్యి తొందరపడలేదు. రోజుకి ఒక పొర లేస్తే లేచినట్టు, లేకపోతే లేదు. పైడి మూలలోంచి మెల్లగా జరిగి జరిగి పక్కకి వచ్చింది.

"అమ్మా, నేను కట్టబట్టి అయ్య రాడా?"

"ఓడ ఇంకా అవలేదే. పని ఉంది, చూడు" అంది నూకరత్నం. అందే గానీ, లోపల ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఉంది.

ఫాల్గుణం వచ్చింది. ఒకరోజు పొద్దున లేచేసరికి వాకిట్లో ఆకులు ఉత్తరం వైపు దొర్లుతున్నాయి. గాలి తిరిగింది. దక్షిణపు గాలి. అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి ఆ ఆకుల్నే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. అయినా నూకరత్నం కూర్చుని పడవకి అడ్డ చెక్క పెట్టింది.

ఆ తర్వాత ఒక తెడ్డు చెక్కింది. చీపురు పుల్లంత తెడ్డు. రెండోది చెక్కబోయి ఆగింది. రెండోది కూడా అయితే పడవ పూర్తి. పడవ పూర్తయితే ఓడ పూర్తి. ఇంక ఆపడానికి ఏమీ ఉండదు. రోజూ ఆ పుల్లని చేతిలోకి తీసుకునేది, చాకు పెట్టేది, తీసేసేది.

వేపచెట్లు పూతకొచ్చాయి. ఒక మధ్యాహ్నం రేవు వైపు నుంచి కేకలు వినిపించాయి. నూకరత్నం చేతిలో పుల్లతోనే పరిగెత్తింది. వెనక పైడి, ఆ వెనక అప్పాయమ్మ.

ఏటి మొగలో ఒక పడవ వస్తోంది. దాని వెనక ఓడ లేదు. కనుచూపు మేర ఎక్కడా కొయ్య లేదు. చిన్న పడవలో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. పలక ముక్కలతో కొందరు నీళ్ళు తోస్తున్నారు. వెనకాల ఒక మనిషి నిలబడి తెడ్డు వేస్తున్నాడు. ఎండకి నల్లగా మాడిపోయి ఉన్నాడు. తలకి చుట్టిన గుడ్డ ఒకప్పుడు ఎర్రగా ఉండేది కాబోలు.

అప్పాయమ్మ ముందు గుర్తుపట్టింది. తల్లి కదా.

గంగాభవాని గాలివానలో విరిగిపోయింది. మనుషులందరూ పడవలోకి దూకారు. అలలు ఎక్కడో ఉత్తరాన ఒడ్డుకి విసిరేశాయి. అక్కణ్ణించి ఒడ్డమ్మట ఊరూరా గంజి తాగుతూ, గాలి ఎదురొచ్చిన చోట దిగి పడవని లాక్కుంటూ వచ్చారు. ఓడ పోయింది గానీ, ఒక్క మనిషి కూడా పోలేదు.

సింహాద్రి ఇంటికొచ్చి, నీళ్ళు పోసుకుని, గూటి దగ్గర నిలబడ్డాడు. పీపాలు చూశాడు, పొయ్యి చూశాడు, చుక్కాని దగ్గర మనిషిని చూసి "నా ముక్కు ఇంత పొడుగేటే?" అన్నాడు. ఆ తర్వాత ఓడ పక్కన ఉన్న చిన్న పడవని అరచేతిలో పెట్టుకున్నాడు.

"దీనికి ఒక తెడ్డేనా?"

"రెండోది ఆపాను. అన్నీ అయిపోతే నువ్వు రావేమోనని" అంది నూకరత్నం.

సింహాద్రి ఆ ఒక్క తెడ్డునీ వేలితో తడిమాడు. "మాకూ ఒక్కటే ఉందే. రెండోది అలల్లో పోయింది. దారి పొడుగునా ఒక్కదాంతోనే వచ్చాం" అన్నాడు. అని, పెళ్ళాం చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న పుల్ల చూశాడు. "అదేదో చెక్కేసి ఉంటే ఫాల్గుణం దాటకుండానే వచ్చేవాణ్ణి కదే!"

నూకరత్నం ముందు నవ్వింది. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ ఏడవనిదంతా ఏడ్చింది.

పైడి మాత్రం తండ్రి దగ్గరికి రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. "అయ్యా, జెండా నేనే కట్టేశాను. ఓడ అందుకే మునిగిపోయిందా?"

సింహాద్రి వెళ్ళి ఎత్తుకున్నాడు. "ఎప్పుడు కట్టావు?"

"మాఘంలో."

"ఓడ పుష్యంలోనే పోయిందమ్మా. దాని ప్రయాణం అయిపోయింది. అయిపోయిన ఓడకి జెండా కట్టాలి కదా, నేను దూరాన ఉన్నానని నువ్వు కట్టావు. అంతే." అప్పుడు ఆ పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టి, మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ సాయంత్రం నూకరత్నం రెండో తెడ్డు చెక్కింది. పైడి దాన్ని చింతగింజల బంకతో పడవలో అంటించింది.

అప్పట్నించీ కొయ్యలపేటలో ఆచారం మారింది. మగవాళ్ళు ఓడెక్కిన నాడు ఆడవాళ్ళు ముందు పడవ చేస్తారు, రెండు తెడ్లూ చెక్కి అందులో పెడతారు. ఓడ సంగతి ఆ తర్వాతే. అది ఎన్నాళ్ళు అసంపూర్తిగా ఉన్నా ఎవరికీ బెంగ లేదు.

ఊఁ కొట్టడం ఆపేశావా? సరే, ఇంక కళ్ళు మూసుకో. నీ పడవలో తెడ్లు రెండూ ఉన్నాయి, నేను చూశాను.

ఓడ గూటికి, పడవ రేవుకి,
అయ్య ఇంటికి, అంబలి పొయ్యికి,
కథ కంచికి, కునుకు కంటికి,
తెడ్డేసుకుంటూ మనం మన ఇంటికి.