మడమలో ఉత్తరం

మీలో ఎంతమంది ఆ తుపాకీకి దండం పెట్టారు? చేతులెత్తండి. అది నిజంగా ఎవరిదని ఎప్పుడైనా అడిగినవాళ్ళు మాత్రం దించేయండి.

ఒక్క చెయ్యీ దిగలేదు. సరే, వినండి.

యుద్ధం అయిపోయింది. కొండను గెలిచిన వీరుడి తుపాకీని రాజుగారు కొలువులో అద్దాల పెట్టెలో పెట్టించారు. మిగతా తుపాకులన్నిటినీ కరిగించి కోట గేటుకు ఊచలు పోయించారు. ఈ ఒక్కదానికే వార్నిషు, ఏటా విజయోత్సవం నాడు బొట్టు, బంతిపూల దండ.

తుపాకీకి ఏమీ అర్థం కాలేదు. యుద్ధంలో తనను రోజూ విప్పి, తుడిచి, నూనె వేసేవారు. ఇప్పుడు పైపైన మెరిపిస్తున్నారు, లోపలికి ఎవరూ చూడరు. పైగా దానికి రెండు భుజాలు గుర్తున్నాయి. ఒకటి ఏళ్ళ తరబడి మోసింది. రెండోది ఒక్క పూట. దండలన్నీ ఆ ఒక్క పూట పేరునే పడుతున్నాయి.

పదో ఏటి ఉత్సవానికి ఒక తల్లి వచ్చింది. ఆమె కొడుకు అదే కొండమీద పోయాడు.

"బాబూ, దీని మడమకు, అదే భుజానికి ఆనించే చివరకు, ఉన్న ఇత్తడి మూత ఒక్కసారి తీస్తావా?" అని కావలివాణ్ణి అడిగింది. "లోపల నూనె బుడ్డి పెట్టుకునే చోటు ఉంటుందట. పంపే వీల్లేకపోతే ఉత్తరం అందులో దాస్తానని మావాడు రాశాడు."

"ఇది నీ కొడుకుది కాదమ్మా, వీరుడిది. ముట్టుకుంటే మెరుపు పోతుంది."

"మిగతావన్నీ కరిగించారుగా, ఇంకెక్కడ వెతకను? మెరుపు పోతే మళ్ళీ పూసుకుంటారు. ఆ ఉత్తరం పోతే వాణ్ణి మళ్ళీ కనమంటావా?"

పక్కనే ఉన్న వీరుడు తడబడుతూ ముందుకొచ్చాడు. "తియ్యండి. ఆ రోజు నా తుపాకీ పట్టేసి పేలలేదు. పక్కన పడిపోయినవాడిది లాక్కున్నాను. ఇది నాదో, వాడిదో... నాకే తెలియడం లేదు."

రాజుగారు నవ్వారు. "ఊరంతా నీదంటోంది. నీకెందుకయ్యా అనుమానం?" తర్వాత చెవిలో అన్నారు: "ఉత్తరం దొరికిందే అనుకో. అప్పుడు కొండను గెలిచిందెవరు?"

వీరుడు తన పతకాలను చూసుకున్నాడు. ఆమెను చూశాడు. అద్దం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంతలో డప్పులు మోగాయి.

ఆ సాయంత్రమే మూతమీద లక్క పోసి రాజముద్ర వేశారు. తుపాకీకి ఇదీ అర్థం కాలేదు. తన గొట్టానికి బెదరని మనుషులు తన మడమకు భయపడుతున్నారేమిటి?

రేపు మళ్ళీ ఉత్సవం. వరుసలో మీరుంటారు. ఆమెను ఈసారి లోపలికి రానివ్వరు. గేటు ఊచలు పట్టుకుని బయటే నిలబడుతుంది.

ఎత్తిన చేతులు ఇంకా దించలేదుగా? దండలు పక్కన పడేసి, ఆ చేతులతోనే లక్క పగలగొట్టండి. ఉత్తరం ఉంటే మీరు చదవకండి, తీసుకెళ్ళి ఆమెకివ్వండి. లేకపోతే, ఆ ఖాళీనైనా ఆమెను చూడనివ్వండి.