చెక్క మీది చేను

తెలివి పంచే రోజున దేవుడు గంప దించింది తమ గుమ్మం ముందేనని ఓబన్నకు గట్టి నమ్మకం. భార్య నాగులమ్మదీ, తమ్ముడు చిట్టెన్నదీ అదే మాట. ముగ్గురూ ఆలోచించుకోనిదే తుమ్మరు కూడా.

ఆ ఏడు తొలకరి ఒక్క వానతో సరిపెట్టింది. ఇంట్లో ఉన్నది సంచెడు కొర్ర విత్తనం. నేలలో పదును ఆరేలోపు చల్లుకుంటే ఏడాది తిండి, లేదా పస్తులే.

సరిగ్గా అప్పుడే వ్యవసాయం మేడమ్ వచ్చి, వాళ్ళ అరుగు మీద పెద్ద చెక్క దించింది. చెక్క మీద మట్టితో చేసిన ఊరు!

"వాన తగ్గి ఎండ ముదిరితే, ఎవరు ఏ పంట వేస్తే ఏ నేల ఏమవుతుందో దీని మీద చూస్తాం. ఇదిగో మీ చేను. వరి జోలికి పోకుండా ఇక్కడ కొర్రలు చల్లండి, గట్టెక్కుతారు" అని వేలు పెట్టి చూపించి, పక్క వీధికి వెళ్ళింది.

"విన్నావా నాగులూ? ఇక్కడ చల్లాలంట!" అన్నాడు ఓబన్న. అంతే! అరచేతంత చేను మీద సంచి మొత్తం బోర్లించాడు.

"చల్లితే చాలా? నీళ్ళెవరు పెడతారు, మీ తాతా?" అంటూ నాగులమ్మ బిందెడు కుమ్మరించింది. ఇంకేముంది, మట్టి ఊరు జారిపోయింది.

"అన్నా, సిద్ధయ్య మామ చేను కొట్టుకుపోయిందే!" చిట్టెన్న గుండెలు బాదుకుంటూ పరుగెత్తాడు. సిద్ధయ్య తన చేలో నిక్షేపంగా దున్నుకుంటున్నాడు.

"మామా, నీ చేను పోయింది. ఇంకా ఏం దున్నుతావు?"

"పోయింది నీ బుర్రరా! నడు అవతలికి!"

పాపం, మామకు దుఃఖంతో మతి పోయిందనుకుని చిట్టెన్న ఏడుస్తూ ఇంటికొచ్చాడు. వచ్చేసరికి నాగులమ్మ పెంచే కోడిపెట్ట చెక్కెక్కి గింజలు ఏరుతోంది.

"ఓరి నాయనో, ఊరి మీద కొండంత కోడి పడింది!" అని ఓబన్న కేక. ముగ్గురూ మంచం కింద దూరారు.

మేడమ్ తిరిగొచ్చి కోడిని తోలి, మిగిలిన గింజలు చేటలోకి ఎత్తింది. "పదును ఇంకా ఉందయ్యా. ఇవైనా చల్లుకోండి. ముందు చేలోకి దిగండి!"

చేలోకా? ఓబన్న పంచె ఎగగట్టాడు. ముగ్గురూ చేతులు పట్టుకుని చెక్క మీదికి దిగారు. అది ఫెళ్ళుమని రెండు ముక్కలైంది.

ఓబన్నకు కన్నీళ్ళు ఆగలేదు. "మేం కాలు పెడితేనే ఊరు బద్దలైంది. ఇక చేలో దిగం మేడమ్, ఊరు చల్లగుంటే చాలు." చేటలో గింజలన్నీ కోడిపెట్ట ముందు పోసి దండం పెట్టాడు. "తిను తల్లీ, మా ఊరి జోలికి రాకు."

తర్వాత కోపంగా మేడమ్ వైపు తిరిగాడు.

"వాన సంగతి చెప్పారు, ఎండ సంగతి చెప్పారు. కోడి సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?"