పైన బళ్ళు, కింద ఆయన

అది గురువారం. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకు పిలుపు వినబడుతున్న గడియ. ఏ ఏడో మా పెద్దవాళ్ళకే గుర్తులేదు గానీ, ఆ వారం, ఆ గడియ మాత్రం మా ఇంట్లో ఎవరూ మరవలేదు. మా తాతలకు తాత హర్సోయో కన్నుమూసిన గడియ అది. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి.

అనగా అనగా జావా దీవిలో బురదనీళ్ళ ఏరొకటి. ఆ ఏట్లో పడవ నడిపేవాడి కొడుకు హర్సోయో. ఒక వరదలో తండ్రి పడవ తిరగబడి పదకొండుమంది పోయారు. కొడుకు చదువుకున్నాడు. ఇంజనీరయ్యాడు. ఆ ఏటి మీదే వంతెన కట్టాడు. కట్టడం పూర్తయిన రోజు మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, వంతెన కింద నిలబడ్డాడు.

"ఇప్పుడు తోలండి," అన్నాడు.

పైన బళ్ళు, కింద ఆయన. రాయి కదల్లేదు.

రెండో వంతెన కట్టాడు. నడుంలోతు నీళ్ళు. పైన బళ్ళు, కింద ఆయన. మూడోది కట్టాడు. ఛాతీలోతు. భార్య లాస్మి పొడిలుంగీ పట్టుకుని గట్టున నిలబడేది.

"కట్టింది మీరేగా, మీకే నమ్మకం లేదా?" అని నవ్వేది.

"నాకుంది. ఎక్కేవాళ్ళకు కుదరాలిగా."

ఈ సంగతి ఏలేవాళ్ళ చెవిన పడింది, ఆయన్ని మంత్రిని చేశారు. ఇక వంతెనలు కాగితాల మీద వచ్చేవి. సంతకం, సంతకం, సంతకం. ఎన్నిటి కిందని నిలబడతాడు? తల నెరిసింది. మోకాళ్ళు పట్టేశాయి.

"అలిసిపోయానే, లాస్మీ."

"వచ్చేయండి ఇంటికి."

"ఈ ఒక్కటీ చూసొస్తా."

ఎప్పుడూ ఒకటి మిగిలే ఉండేది.

చివరికొకటి వచ్చింది. పండగలోపు తెరవాలని పైనుంచి తొందర. ముసలాయన కర్ర పట్టుకుని వెళ్ళాడు. స్తంభం గోకి, ఆ పొడి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది.

"సముద్రపు ఇసుక కలిపావా, తుగిమాన్?" అని కాంట్రాక్టరును అడిగాడు.

"ఏటి ఇసుక దూరం, పాక్." పాక్ అంటే అక్కడ నాన్నగారూ అని పిలుపు. "సున్నం కొట్టాక ఎవరికి తెలుస్తుంది?"

"లోపలి ఇనుముకు తెలుస్తుంది. సరే, రా. ఇద్దరం కింద నిలబడదాం."

"నాకు జలుబు, పాక్!"

పనివాళ్ళు పక్కున నవ్వారు. రెండోసారి పిలిచాడు. తుగిమాన్ చూపు తిప్పుకున్నాడు. మూడోసారి పిలిచేసరికి గట్టు మీద లేడు.

హర్సోయో పీట వేయించుకుని ఆ వంతెన కిందే కూర్చున్నాడు. మంత్రి నెత్తి మీంచి బండి తోలేదెవరు? మొదటిరోజు బతిమాలారు. రెండోరోజు బెదిరించారు. మూడోరోజు, ఇక నువ్వు మంత్రివి కావని కాగితం పంపారు.

"అమ్మయ్య, ఇక సంతకాలు లేవు," అన్నాడాయన.

పదవి తీసేశారు గానీ, ఆ వంతెన మీదికి ఒక్క బండివాణ్ణి ఎక్కించలేకపోయారు. కూలగొట్టి మళ్ళీ కట్టారు.

ఆ మూడోరోజే గురువారం. నీళ్ళలో నానీ నానీ జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే లాస్మి ఆయన్ని ఇంటికి తెచ్చింది.

"వచ్చేశారా ఇంటికి?" అంది.

"వచ్చేశానే," అన్నాడు. అప్పుడే నమాజుకు పిలుపు వినబడింది.

ఇప్పటికీ ఆ వైపు కొత్త వంతెన కడితే, బండివాళ్ళు ఎడ్లను ఆపి, "కట్టినాయన దిగాడా?" అని అడుగుతారు. దిగాడంటేనే అదిలిస్తారు.

ఆయన పోయిన మర్నాడు పొద్దున ఆయన్ని ఏటి అవతలి ఖబరస్తానుకు తీసుకెళ్ళాలి. మోసేవాళ్ళు ఆయన కట్టిన మొదటి వంతెన దగ్గరికొచ్చి ఆగిపోయారు. అలవాటు కొద్దీ కిందికి చూశారు. ఎవరూ లేరు.

లాస్మి తను కట్టుకున్న లుంగీ పైకి దోపుకుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. వెనకే కోడళ్ళు, కూతుళ్ళు, మనవలు.

"ఇప్పుడు తీసుకెళ్ళండి," అంది.

పైన ఆయన, కింద మా ఇంటిల్లిపాదీ.